ట్యాంకులో పాచి మొక్కేనా కాదా? ఇంట్లో పంచాయితీ తేలట్లేదు

సుధ_పాపమ్మ
అందరికీ నమస్తే అండి. ఎప్పుడూ చదివేసి వెళ్ళిపోయేదాన్ని, ఇదే మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి. విషయం ఏంటంటే డాబా మీద మా నీళ్ళ ట్యాంకు లోపల గోడలకి ఆకుపచ్చగా పాచి పట్టేసింది, మూలల్లో అయితే ఏకంగా జుట్టులా దారాలు దారాలుగా వేలాడుతోంది. నిన్న బ్రష్ పెట్టి గీకుతుంటే మా పాప (ఏడో క్లాసు) పైకొచ్చి అమ్మా అది మొక్కే కదా ఎందుకు పీకేస్తున్నావ్ అంది. మొక్కేంటే మురికి అన్నాను నేను. కింద నుంచి వాళ్ళ నాన్న అది బ్యాక్టీరియా అని ఒక కేక. పాప ఊరుకుంటుందా, పుస్తకం పట్టుకొచ్చింది, అందులో శైవలాలు అని ఒక చోట మొక్కల్లో పెట్టారు, ఇంకో చోట ప్రొటిస్టులు అని మొక్కా జంతువూ కాని వేరే గుంపులో పెట్టారు, వాళ్ళకే క్లారిటీ లేదు! ఎవరు కరెక్టో చెప్పండి, రాత్రి భోజనాల దగ్గర కూడా ఇదే నడిచింది.

రాత్రిపక్షి
ట్యాంకు కడగడం తప్పించుకోవడానికి మీ పాప వేసిన ప్లాన్ లా ఉంది నాకు 😀

లెన్స్_మాస్టారు
సుధ గారూ ముందు ఒక ప్రశ్న. మీ ట్యాంకు మూత పగిలిందా, లేక సరిగ్గా పడట్లేదా?

సుధ_పాపమ్మ
అయ్యో అవునండి, మూత సగం విరిగిపోయి ఆర్నెల్లయింది. మీకెలా తెలిసింది??

లెన్స్_మాస్టారు
వెలుతురు లేకుండా అది పెరగదు కాబట్టి. చీకటిగా ఉండే ట్యాంకులో జిగురు పట్టొచ్చు, బూజు రావొచ్చు, ఆకుపచ్చ మాత్రం రాదు. మూత మారిస్తే సగం సమస్య పోతుంది.

ఇక పంచాయితీ. ఏళ్ళ తరబడి బోటనీ పాఠాలు చెప్పి రిటైర్ అయినవాడిని, నా తీర్పు ఏంటంటే మీ పాపా కరెక్టే, మీ వారూ కరెక్టే అయ్యుండొచ్చు, పుస్తకం కూడా కరెక్టే. మీరొక్కరే ఓడిపోయారు, సారీ.

శైవలం అనేది ఒక కుటుంబం ఇంటిపేరు కాదండి. రాత్రిపూట ఎగిరేవి అని గుడ్లగూబనీ గబ్బిలాన్నీ చిమ్మెటనీ ఒక గంపలో వేశామనుకోండి, మూడూ రాత్రే ఎగురుతాయి, అంతవరకే, ఒకటి పక్షి ఒకటి క్షీరదం ఒకటి పురుగు. శైవలాల సంగతీ అంతే. ఎండని తిని బతికేవి, కానీ మనకి తెలిసిన మొక్కల్లాగా వేరు కాండం ఆకు పువ్వు లేనివి, ఎక్కువగా నీళ్ళలో ఉండేవి, ఇలాంటివన్నీ కలిపి పాతకాలం వాళ్ళు ఒకే పేరు పెట్టేశారు. తర్వాత మైక్రోస్కోపులు బాగుపడ్డాక, జన్యువులు చదవడం వచ్చాక చూస్తే అందులో అసలు చుట్టరికమే లేనివి బోలెడు ఉన్నాయి. నీలి ఆకుపచ్చ శైవలాలు అంటాం చూడండి, అవి నిజంగా బ్యాక్టీరియానే, సయనోబ్యాక్టీరియా, కణంలో కేంద్రకం కూడా ఉండదు. ఆకుపచ్చ శైవలాలు అయితే మొక్కలకి సొంత దాయాదులు, నేల మీదున్న గడ్డీ చెట్టూ అన్నీ దాదాపు 50 కోట్ల ఏళ్ళ కిందట మంచినీళ్ళలో బతికిన అలాంటి ఒక శైవలం వంశమే. సముద్రంలో చెట్టంత పెరిగే గోధుమరంగు కెల్ప్ చూస్తే మొక్కే అనిపిస్తుంది కానీ దానికి మామిడి చెట్టు కన్నా కంటికి కనిపించని డయాటమ్ అనే ఒంటికణం శైవలం దగ్గర చుట్టం.

మీ ట్యాంకు గోడ మీద బహుశా కెల్ప్ తప్ప ఇవన్నీ కలిసే ఉంటాయి. ఆ జుట్టులాంటి దారాలు మాత్రం ఆకుపచ్చ శైవలమే అని నా పందెం.

కెమిస్ట్రీ_కుర్రోడు
మాస్టారూ చిన్న డౌటు, నాచు, పాచి, శైవలం మూడూ ఒకటేనా? మా స్కూల్లో నాచు అంటే మాస్ అని చెప్పారు, చెరువులో తేలేదాన్ని కూడా అందరూ నాచు అనే అంటారు.

లెన్స్_మాస్టారు
మంచి డౌటు. మాట్లాడేటప్పుడు మనం రంగూ జారుడూ చూసి పేరు పెడతాం తప్ప లోపల ఏముందో చూడం. కాలు జారితే నాచు, గీకితే వచ్చేది పాచి, పుస్తకంలో ఉంటే శైవలం 😀 వర్షాకాలం ప్రహరీ గోడ మీద మెత్తగా తివాచీలా చిన్న చిన్న ఆకులతో ఉండేది మాస్, అది సిసలైన మొక్కే. రాళ్ళ మీద బూడిదరంగు మచ్చల్లా అంటుకునేది లైకెన్, అది ఒక జీవి కాదు కాపురం, శిలీంధ్రం ఇల్లు కట్టి పెడితే లోపల శైవలం వంట చేస్తుంది. జారుడు ఎందుకంటే చాలా శైవలాలు ఒంటి చుట్టూ జిగురు పూసుకుంటాయి, ఎండిపోకుండా, పట్టు దొరికేలా.

ట్యాంకు_రాజా
అక్వేరియం బ్యాచ్ తరఫున హాజరు 🙋 పన్నెండేళ్ళుగా చేపల ట్యాంకులు పెడుతున్నా కాబట్టి శైవలాలతో నాది లవ్ హేట్ రిలేషన్. కొత్త ట్యాంకు పెట్టిన రెండు మూడు వారాలకి గ్లాస్ మీద గోధుమరంగు పొడిలాంటిది వస్తుంది, అవి డయాటమ్స్, వేలితో రాస్తే పోతాయి, కంగారొద్దు, కొన్నాళ్ళకి అవే తగ్గుతాయి. నీళ్ళన్నీ పచ్చ సూప్ లా అయితే అవి నీళ్ళలో తేలే ఒంటికణం శైవలాలు, లైటు ఎక్కువ, తిండి ఎక్కువ అన్నమాట. ఇసుక మీద దుప్పటిలా నీలం ఆకుపచ్చ పొర వచ్చి పీకితే షీట్ లా ఊడొచ్చి మట్టి కంపు కొడితే అది సయనో, మాస్టారు చెప్పిన బ్యాక్టీరియా. కొత్తవాళ్ళు చేసే తప్పు ఏంటంటే శైవలం కనపడగానే మందు పోస్తారు. లైటు ఆరేడు గంటలకి తగ్గించి, చేపలకి మేత తగ్గించి, వారానికోసారి కొంత నీళ్ళు మారిస్తే చాలావరకు కంట్రోల్ అవుతుంది, మందుతో చచ్చిన శైవలం కుళ్ళి మళ్ళీ కొత్తదానికి ఎరువు అవుతుంది అంతే.

చింటూ_వైబ్స్
అసలు శైవలాల గొప్పతనం ఎవరికీ తెలీదు, మనం పీల్చే ఆక్సిజన్ లో 80 శాతం సముద్రంలో శైవలాల నుంచే వస్తుందట, చెట్లు వేస్ట్ అన్నమాట 😎 నిన్ననే ఒక వీడియోలో చూశా

లెక్కల_రావు
చింటూ తమ్ముడూ ఈ వీడియో ఏటా ఒకసారి తిరుగుతుంది, ఒక్కోసారి 50, ఒకసారి 70, ఇప్పుడు 80. లెక్క చూద్దాం.

భూమ్మీద మొత్తం కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలో జరుగుతుంది, ఇది నిజం, 1998లో శాటిలైట్ డేటాతో వేసిన లెక్కలో సముద్రం వాటా 46 శాతం దాకా వచ్చింది. ఇందులో ఆశ్చర్యం ఏంటంటే ఆ పని చేసే వృక్ష ప్లవకాలన్నిటినీ (నీళ్ళలో తేలే కంటికి కనపడని శైవలాలు) కలిపి తూకం వేస్తే నేల మీది మొక్కల బరువులో ఒక శాతం కూడా ఉండవు. ఎలా మరి అంటే అవి కట్టెగా మారి వందేళ్ళు నిలబడవు, రోజుల్లో పుట్టి చీలి తినబడి పోతుంటాయి. చిన్న కొట్టు, పెద్ద టర్నోవర్.

కానీ తయారైన ఆక్సిజన్ అంతా నీ ముక్కు దాకా రాదు. ఆ ప్లవకాలని తిన్న జంతువులు, కుళ్ళబెట్టిన బ్యాక్టీరియా దాదాపు అంతా అక్కడే ఖర్చు పెట్టేస్తాయి. అడవి కథ కూడా ఇంతే, అమెజాన్ ఊపిరితిత్తులు అనే మాట కూడా అలాగే తప్పు. గాలిలో ఇప్పుడున్న 21 శాతం కోట్ల ఏళ్ళుగా పోగైన నిల్వ. రేపొద్దున శైవలాలన్నీ ఆగిపోయినా ఆక్సిజన్ కోసం వెంటనే ఊపిరాడక ఎవరూ చావరు, దానికన్నా చాలా ముందు ఆకలితో పోతాం, సముద్రంలో తిండి గొలుసు మొదటి మెట్టే అవి కదా.

చింటూ_వైబ్స్
ఓకే బ్రో తగ్గాను 🙏 అయితే ఆ నిల్వ ఎలా పోగైంది మరి? వాడిందంతా వాడేస్తే మిగలకూడదు కదా

లెక్కల_రావు
ఇదీ ప్రశ్న అంటే. తయారైన సేంద్రియ పదార్థంలో ఒక చిటికెడు ఎవరి నోటికీ దొరక్కుండా బురదలో పూడిపోతుంది. దాన్ని కుళ్ళబెట్టడానికి ఖర్చవ్వాల్సిన ఆక్సిజన్ అలా గాలిలో మిగిలిపోతుంది. ఏటా చిటికెడే, కానీ కోట్ల ఏళ్ళు. ఆ పూడిపోయిన సరుకులో కొంత వేడికీ ఒత్తిడికీ ఉడికి పెట్రోలు అయింది. డైనోసార్ల నుంచి పెట్రోలు అంటారు గానీ చాలావరకు అది పాతకాలం సముద్రపు శైవలాలు, ప్లవకాల సరుకే. ఇప్పుడు మనం బండిలో దాన్ని కాలుస్తున్నాం, అంటే ఆ పాత అప్పు ఆక్సిజన్ తో సహా తిరిగి కడుతున్నాం అన్నమాట.

లెన్స్_మాస్టారు
రావు గారు బాగా చెప్పారు. మొదలు కూడా చెప్పుకుందాం. మొదట్లో భూమి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. నీళ్ళని చీల్చి ఆక్సిజన్ వదలడం కనిపెట్టింది సయనోబ్యాక్టీరియానే. వదిలిందంతా ముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము లాగేసుకుని తుప్పుగా అడుగుకి దిగింది, ఈరోజు మనం తవ్వుతున్న పెద్ద పెద్ద ఇనుప రాతి పొరలు చాలా ఆ కాలానివే. ఆ ఇనుము లాంటివి లాగేసుకోవడం తగ్గి, దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది. అప్పటిదాకా బతికిన చాలా సూక్ష్మజీవులకి ఆక్సిజన్ అంటే విషం! మనకి ప్రాణవాయువు, వాటికి కాలుష్యం. ఆస్ట్రేలియా పడమటి తీరం షార్క్ బే లో ఇప్పటికీ స్ట్రోమటోలైట్లు ఉన్నాయి, సయనోబ్యాక్టీరియా పొరలు పొరలుగా ఇసుకని అంటించుకుంటూ కట్టే రాతి దిబ్బలు, ఫోటోల్లో చూస్తే ఏముందిలే రాళ్ళు అనిపిస్తుంది, అవి ఎవరివో తెలిశాక మాత్రం అలా అనిపించదు.

మీనాక్షి_ల్యాబ్
ఇంత చెప్పి అసలు మలుపు వదిలేస్తే ఎలా మాస్టారూ. సుధ గారి పాపకి ఇది చెప్పండి: ఆకులో పచ్చగా ఉండే హరితరేణువు ఉంటుంది కదా, అది కూడా ఒకప్పటి సయనోబ్యాక్టీరియానే. ఒక పెద్ద కణం దాన్ని మింగింది, అరగలేదు, లోపలే ఉండిపోయి వంట చేసి పెట్టడం మొదలుపెట్టింది. అందుకే హరితరేణువుకి ఇప్పటికీ సొంత డీఎన్ఏ ఉంటుంది, బ్యాక్టీరియాలాగే రెండుగా చీలుతుంది. లిన్ మార్గులిస్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఈ సంగతి పేపర్ గా వేయించడానికి ఎన్నో పత్రికల చుట్టూ తిరగాల్సి వచ్చింది, చాలా పత్రికలు తిప్పి పంపేశాక చివరికి 1967లో అచ్చయింది. ఇప్పుడు అది పాఠ్యపుస్తకం. కాబట్టి మీ వారు బ్యాక్టీరియా అన్నది ఒకలా చూస్తే చెట్టుకి కూడా వర్తిస్తుంది 😄

ఇంకా ఆ మింగుడు ఒక్కసారితో ఆగలేదు. కెల్ప్, డయాటమ్స్ వంశంలో అయితే ఒక కణం ఎర్ర శైవలం కణాన్నే మొత్తంగా మింగింది, బొమ్మలో బొమ్మ అన్నమాట, అందుకే వాటి హరితరేణువు చుట్టూ రెండు పొరలకి బదులు నాలుగు పొరలు ఉంటాయి. 2024లో ఇంకో సంగతి బయటపడింది, బ్రారుడోస్ఫీరా అనే చిన్న సముద్రపు శైవలంలో గాలిలోని నైట్రోజన్ ని పట్టే సయనోబ్యాక్టీరియా ఒకటి కణభాగంగా మారిపోయిందని తేల్చారు, నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. కేంద్రకం ఉన్న జీవి సొంతంగా నైట్రోజన్ పట్టడం అంటే మామూలు విషయం కాదు, పప్పుజాతి మొక్కలు కూడా వేరులో బ్యాక్టీరియాని అద్దెకి పెట్టుకుంటాయి తప్ప సొంతంగా చెయ్యలేవు.

నీటిగడ్డ
మీరందరూ శైవలం దేవుడు అన్నట్టు రాస్తున్నారు, మా బాధ వినండి. చేపల చెరువు చేసేవాడిని. రెండేళ్ళ కిందట నీళ్ళు చక్కగా పచ్చగా ఉన్నాయి, పచ్చగా ఉంటే మేత ఉన్నట్టే అని మేమూ సంతోషపడ్డాం, నాలుగు రోజులు మబ్బు పట్టింది, ఐదో రోజు తెల్లారి వెళ్ళేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి, ఎనిమిదింటికల్లా తేలిపోయాయి. విషం కలిపారని ఒకరి మీద అనుమానం కూడా పడ్డాం, తర్వాత ఒకాయన వచ్చి చూసి చెప్పాడు ఆక్సిజన్ అయిపోయింది అని. శైవలం ఆక్సిజన్ ఇస్తుంది కదండీ మరి ఎలా అయిపోయింది అంటే రాత్రి అది కూడా పీలుస్తుంది అన్నాడు.

లెక్కల_రావు
అయ్యో. బాధాకరం అండి, కానీ అది కరెక్ట్ డయాగ్నసిస్. పగలు ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ చేస్తుంది, రాత్రంతా చేపల్లాగే అదీ వాడుతుంది, అందుకే చెరువులో ఆక్సిజన్ అతి తక్కువ ఉండేది తెల్లవారుజామున. మబ్బు రోజుల్లో పగటి సంపాదన తగ్గుతుంది, రాత్రి ఖర్చు తగ్గదు. దానికి తోడు వెలుతురు చాలక ఒక్కసారిగా శైవలం చస్తే దాన్ని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా మిగిలినదంతా లాగేస్తాయి. చిక్కగా పచ్చబడిన చెరువులో మబ్బు పట్టిందంటే రాత్రిళ్ళు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్ తిప్పాలి, మేత ఆపాలి.

నీటిగడ్డ
ఇప్పుడదే చేస్తున్నాం. చెయ్యి నీళ్ళలో మోచేతి దాకా పెడితే అరచెయ్యి కనపడకపోతే మేత బంద్.

మీనాక్షి_ల్యాబ్
పెద్ద చెరువులు, సరస్సులు అలా చిక్కబడటానికి కారణం ఏంటని ఒకప్పుడు పెద్ద వాదన జరిగింది, సబ్బు కంపెనీలు అప్పట్లో మా ఫాస్ఫేట్ల వల్ల కాదు అంటే కాదన్నాయి. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఏం చేసిందంటే 226 నంబరు సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు ముక్కలు చేసింది, 1973లో. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేశారు, ఒక వైపు మాత్రం ఫాస్ఫరస్ కూడా. ఫాస్ఫరస్ వేసిన సగం పచ్చటి పెయింట్ డబ్బా అయింది, రెండో సగం మామూలుగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఒక్క ఫోటో పేజీల కొద్దీ రిపోర్టులు చెయ్యలేని పని చేసింది, డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ తగ్గించే చట్టాలకి అది బాగా ఊతమిచ్చింది.

ఎందుకు ఫాస్ఫరస్సే అంటే నైట్రోజన్ తక్కువైతే కొన్ని సయనోబ్యాక్టీరియా గాలి నుంచి తెచ్చుకుంటాయి, ఫాస్ఫరస్ గాలి నుంచి రాదు. అయితే సముద్ర తీరాల్లో నైట్రోజన్ కూడా అంతే ముఖ్యం, ఒక్క మాటతో అన్నిచోట్లా తేల్చెయ్యలేం.

సుధ_పాపమ్మ
అమ్మో నేను ఒక ట్యాంకు గురించి అడిగితే ఇంత వచ్చిందా! అన్నీ పాపకి చదివి వినిపిస్తున్నా. ఒక్కటి భయంగా ఉంది, ఆ నీళ్ళు ఇన్నాళ్ళు వాడాం కదా, విషం ఏమన్నా ఉంటుందా? ఎక్కడో చదివాను శైవలాల్లో విషం ఉంటుందని.

మీనాక్షి_ల్యాబ్
మీ ట్యాంకు గోడ పాచికి భయపడాల్సినంత లేదు, కానీ తాగడానికి ఆ నీళ్ళు వద్దు, మూత మార్చి, ఖాళీ చేసి, గీకి, క్లోరిన్ తో కడిగి మళ్ళీ నింపండి. అసలు ప్రమాదం చెరువు మీద పెయింట్ ఒలికినట్టు తేలే సయనో పొరతో. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు నుంచి నీళ్ళు తీసుకునే టొలీడో ఊళ్ళో కుళాయిల్లోకి మైక్రోసిస్టిన్ అనే విషం వచ్చింది, దాదాపు 4 లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు. మరిగించి తాగుదాం అనుకోకండి, మరిగిస్తే ఆ విషం పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అది కాలేయం మీద కొడుతుంది. కుక్కలు, పశువులు ఎక్కువగా చస్తాయి, ఒడ్డున ఆ పొర తాగేస్తాయి కాబట్టి.

పుల్ల పరీక్ష ఒకటుంది: పొడుగు పుల్ల పెట్టి ఎత్తండి. జుట్టులా వేలాడితే దారపు శైవలం, సాధారణంగా విషం ఉండదు. పుల్లకి పెయింట్ పూసినట్టు అంటుకుంటే సయనో అని అనుమానించి దూరంగా ఉండండి. ఇది మొదటి అంచనాకే, ల్యాబ్ టెస్ట్ కి బదులు కాదు.

రాత్రిపక్షి
అంటే ఇప్పుడు శైవలం మంచిదా చెడ్డదా ఒక్క ముక్కలో తేల్చండి

లెన్స్_మాస్టారు
వర్షం మంచిదా చెడ్డదా నాయనా?

రాత్రిపక్షి
సరే సరే అర్థమైంది 😶

ట్యాంకు_రాజా
బలానికని పొడిగా, మాత్రలుగా అమ్మే స్పిరులినా గురించి ఎవరూ ఎత్తలేదు, అది కూడా సయనోనే. ప్రొటీన్ బాగానే ఉంటుంది, కానీ బీ12 కోసం మింగేవాళ్ళు ఆగండి, అందులో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని నకిలీ బీ12. శైవలంతో పెట్రోలు తీస్తాం అని ఒక టైంలో పెద్ద హడావుడి చేశారు, నూనె తీయడం కష్టం కాదు, చవగ్గా తీయడమే కష్టం అని తేలింది, కంపెనీలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

చరిత్ర_పిచ్చమ్మ
నాకిష్టమైన కథ చెప్తా, చాలామందికి తెలీదు. జపాన్ లో నోరి అని ఎర్ర శైవలం సాగు చేస్తారు. తరాలుగా చేస్తున్నా వాళ్ళకి దాని విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు, సముద్రంలో వలలు కట్టి అదే వచ్చి అంటుకుంటుందని దేవుడి మీద భారం వేసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పంటలు దెబ్బతిన్నాయి, ఎందుకో అర్థం కాలేదు. అక్కడికి వేల మైళ్ళ దూరంలో ఇంగ్లండ్ లో క్యాథ్లీన్ డ్రూ బేకర్ అనే ఆవిడ, పెళ్ళయిందని మాంచెస్టర్ యూనివర్సిటీ ఉద్యోగం తీసేస్తే జీతం లేకుండా పరిశోధన చేస్తుండేది. ఆవిడకి దొరికింది ఏంటంటే గవ్వల పెంకుల్లో తొలుచుకుని బతికే గులాబీరంగు పీచు ఒకటుంది, దాన్ని అప్పటిదాకా కాంకోసెలిస్ అనే వేరే జీవి అనుకున్నారు, నిజానికి అది ఇదే జాతి శైవలం బతుకులో ఒక దశ! గొంగళీ సీతాకోకా లాగ. 1949లో చిన్న పేపర్ వేసింది. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని పెంకుల్లో నారు పెంచడం నేర్చుకున్నారు, సాగు మళ్ళీ లేచింది. ఆవిడ జపాన్ లో అడుగే పెట్టలేదు. అక్కడ సముద్రం ఒడ్డున ఆవిడకి స్మారకం కట్టి ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 14న తలుచుకుంటారు.

అలాంటిదే ఇంకోటి, ల్యాబుల్లో బ్యాక్టీరియా పెంచే అగార్ కూడా ఎర్ర శైవలం సరుకే. 1881లో జర్మనీలో బ్యాక్టీరియా శాస్త్రవేత్త కోఖ్ ల్యాబ్ లో పనిచేసే హెస్సె అనే ఆయన, బ్యాక్టీరియా పెంచే జెలటిన్ వేడికి కరిగిపోతోందని తల పట్టుకుంటే వాళ్ళావిడ ఫానీ వంటింటి అనుభవంతో అగార్ వాడి చూడమంది. ఆవిడ పేరు పేపర్లో వేయలేదు. ప్రపంచంలో ప్రతి మైక్రోబయాలజీ ల్యాబూ ఆవిడకి బాకీ.

కెమిస్ట్రీ_కుర్రోడు
డయాటమ్స్ గురించి నేను చెప్తా ప్లీజ్, నా ఫేవరెట్. ఒక్క కణం, చుట్టూ గాజు డబ్బా! నిజంగానే సిలికా, అడుగు ఒకటి మూత ఒకటి, సబ్బుపెట్టెలాగ. చీలినప్పుడు పిల్ల కణాలు చెరో ముక్క తీసుకుని, దాన్నే మూతగా పెట్టుకుని, లోపలికి సరిపోయే అడుగు కొత్తగా కట్టుకుంటాయి, అందుకని తరం తరానికి ఒక వంశం సైజు తగ్గుతూ పోతుంది, మరీ చిన్నదైపోయాక డబ్బా వదిలేసి మళ్ళీ పెద్దగా పుట్టుకొస్తాయి. చచ్చాక ఆ గాజు పెంకులు అడుగున పేరుకుని మట్టి అవుతుంది, 1867లో నోబెల్ డైనమైట్ చేసింది నైట్రోగ్లిజరిన్ ని ఆ మట్టిలో ఇంకించే. ఇంకా పెద్దది, సహారాలో బోడెలె అనే ఎండిపోయిన సరస్సు అడుగు ఉంది చాద్ దేశంలో, అక్కడి డయాటమ్ దుమ్ము గాలికి లేచి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి మీద పడుతుంది, అందులో ఫాస్ఫరస్ అడవికి ఎరువు.

లెన్స్_మాస్టారు
శభాష్. కాపురాల లిస్టులో పగడాలు మర్చిపోవద్దు. పగడం జంతువు, దాని ఒంట్లో గోధుమరంగు శైవలాలు అద్దెకుంటాయి, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా అవే పెడతాయి. నీళ్ళు మామూలు కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ కాపురం చెడుతుంది, శైవలాలు బయటికి పోతాయి, పగడం తెల్లగా పాలిపోతుంది. అప్పటికి చావలేదు, ఆకలితో ఉంది. నీళ్ళు త్వరగా చల్లబడితే తిరిగి కలుస్తాయి, లేకపోతే లేదు.

సుధ గారూ పాపకి మైక్రోస్కోపు దొరికే దారి ఉందా? ఆ దారాల్లో రెండు వెంట్రుకలంత తీసి, స్లైడ్ మీద నీటిచుక్కలో వేసి, పైన కవర్ స్లిప్ పెట్టి చూడమనండి. ముందు తక్కువ పవర్ తో.

సుధ_పాపమ్మ
(నాలుగు రోజుల తర్వాత) ఆలస్యానికి సారీ. మూత మార్చేశాం, ట్యాంకు కడిగేశాం. కడిగే ముందు పాప ఒక గాజు సీసాలో ఆ దారాలు కొన్ని దాచుకుంది, వాళ్ళ సైన్స్ మేడమ్ గారు ల్యాబ్ లో చూపించారట. ఇంటికొచ్చి ఆగకుండా గంట చెప్పింది. ఒక్కో దారం గాజు గొట్టంలా ఉందట, అందులో పచ్చ రిబ్బన్ స్ప్రింగులా చుట్టుకుని ఉందట, పక్కనే పడవ లాంటి గోధుమరంగు గింజలు మెల్లగా జారుకుంటూ పోతున్నాయట, కాళ్ళు లేవు తోక లేదు ఎలా పోతున్నాయి అమ్మా అని నన్నడుగుతోంది. నాకేం తెలుసు!

కెమిస్ట్రీ_కుర్రోడు
డయాటమ్స్!!! పడవ షేప్ అంటే అవే. గాజు డబ్బాకి పొడుగ్గా ఒక చీలిక ఉంటుంది, అందులోంచి జిగురు వదులుతూ దాని మీద జారుతాయి. నాకు అసూయగా ఉంది, నేను కాలేజీకి వచ్చేదాకా చూడలేదు.

లెన్స్_మాస్టారు
స్ప్రింగు రిబ్బన్ అంటే స్పైరోగైరా. పందెం గెలిచాను. పాపకి ఇంకోటి చెప్పండి, క్లామిడోమోనాస్ అని ఒంటికణం శైవలం ఉంది, దానికి వెలుతురు పసిగట్టే కంటిచుక్క ఉంటుంది, అక్కడున్న ప్రొటీన్ వెలుతురు తగలగానే తలుపులా తెరుచుకుంటుంది. అలాంటి శైవలపు ప్రొటీన్ నే చూపు పోయిన ఒకాయన కంట్లోకి జన్యువుగా పంపి, ప్రత్యేకమైన కళ్ళజోడు పెడితే, ఎదురుగా బల్ల మీదున్న వస్తువులని గుర్తుపట్టి తాకగలిగాడని 2021లో పేపర్ వచ్చింది. పూర్తి చూపు కాదు, కొంచెమే.

సుధ_పాపమ్మ
ఆ సంగతి చదివి మా ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు. ఇంకో వింత, ఆ సీసా కిటికీ దగ్గర పెట్టింది కదా, పొద్దున్న చూస్తే దారాలన్నీ అడుగున పడున్నాయి, మధ్యాహ్నం చూస్తే మొత్తం గుంపుగా పైకి తేలింది, సాయంత్రానికి మళ్ళీ కిందికి! ఎవరూ కదపలేదు. పాప అది నిద్ర లేచి పడుకుంటోంది అంటోంది.

లెన్స్_మాస్టారు
జవాబు ఇప్పుడే చెప్పను. మధ్యాహ్నం తేలినప్పుడు దారాల మధ్య దగ్గరగా చూసి ఏం ఇరుక్కుని ఉందో చెప్పమనండి. రేపు సీసాని నల్ల కాగితంతో కప్పి మధ్యాహ్నం మళ్ళీ చూడమనండి.

సుధ_పాపమ్మ
చిన్న చిన్న బుడగలు ఉన్నాయట, సూది మొనంత. కాగితం చుట్టేసింది, ఎవరూ ముట్టుకోవద్దని పైన రాసి పెట్టింది కూడా. రేపు ఒంటిగంటకి చెప్తాం.